నలుగురు ఆడే వీడియో గేమ్ పెట్టె: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మా ఇంట్లో చేసుకున్న వీడియో గేమ్ పెట్టె గురించి నాలుగు ముక్కలు రాశాను. 1990లలో రాజమండ్రిలో ఒక వీడియో గేమ్ షాపులో మెషీన్లు బాగుచేసే కుర్రాడిగా పనిచేశాననీ, రెండేళ్ల కిందట మా బావమరిదితో కలిసి, ఆ షాపుల్లో ఉండే ఆర్కేడ్ మెషీన్ లాంటిదే, నలుగురు ఒకేసారి ఆడే పెట్టె ఇంట్లోనే కట్టాననీ చెప్పాను. అది చదివి ఇన్ని ఉత్తరాలు, ఇన్ని వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదు. ఎక్కువమంది అడిగినవి ఏరి, ఈ నెల పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నయ్యా, వేసవి సెలవులకు మా ఇంట్లో అక్కచెల్లెళ్ల పిల్లలతో కలిపి ఏడుగురు చేరతారు. అందరూ ఒకే గదిలో ఉంటారు గానీ ఎవరి ఫోన్ వాళ్లదే. నలుగురూ కలిసి ఆడేలా ఆర్కేడ్ పెట్టె చేయిద్దామని ఉంది. 32 అంగుళాల టీవీ ఒకటి ఖాళీగా పడి ఉంది. పని ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే చెక్క కొనకండి. ముందు ఇంట్లో నలుగురిని పిలిచి వరసగా నిలబెట్టండి. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు అయితే మరీ మంచిది. స్టిక్కు (జాయ్‌స్టిక్) పట్టుకున్నట్టు, బటన్లు నొక్కుతున్నట్టు చేతులు ముందుకు పెట్టమనండి. ఆ చివరి మోచేతి నుంచి ఈ చివరి మోచేతి దాకా టేపు పెట్టి కొలవండి. మా ఇంట్లో 62 అంగుళాలు వచ్చింది. అంత వెడల్పు పెట్టె మన ఇళ్లలో ఎక్కడ పెడతాం? అందుకని చివర ఇద్దరినీ కొంచెం లోపలికి తిప్పి, భోజనాల బల్ల మూల దగ్గర కూర్చున్నట్టు వంపుగా నిలబెట్టాం. అప్పుడు స్టిక్కులు, బటన్లు ఉండే పలకకు 44 అంగుళాలు సరిపోయాయి. ఈ పలకనే కంట్రోల్ ప్యానెల్ అంటారు. నా లెక్కలో పెట్టె అంటే ఇదే. మిగతాదంతా దీన్ని మోసే చెక్క.

తర్వాత ఏదైనా పెద్ద అట్టపెట్టె తెచ్చి ప్యానెల్ సైజుకి కోయండి. కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్ మూతలు దాదాపు 30 మిల్లీమీటర్లు ఉంటాయి. జపాన్ రకం బటన్ సైజు కూడా అదే. మూతల్ని బటన్ల చోట జిగురుతో అతికించండి, స్టిక్కు చోట కొవ్వొత్తి నిలబెట్టండి. ఆ అట్టను బల్ల మీద పెట్టి, ఎత్తు చాలకపోతే కింద పుస్తకాలు పేర్చి, నలుగురినీ ఉత్తుత్తిగా ఆడమనండి. మా పిల్లలు రెండు సాయంత్రాలు నోటితోనే సౌండ్లు చేసుకుంటూ ఆడారు. మూడో స్థానంలో నిలబడ్డ మా మేనకోడలు, "మావయ్యా, నా మోచెయ్యి అన్నకి తగులుతోంది" అంది. ఆ ఒక్క మాటతో మూడో స్టిక్కు రెండంగుళాలు జరిపాం. అట్ట మీద జరపడానికి మూత పీకి మళ్లీ అంటించడమే పని. ప్లైవుడ్‌లో 30 మిల్లీమీటర్ల రంధ్రం పడ్డాక జరపడం ఉండదు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు, గట్టిగా చెబుతున్నాను. చివరి ఇద్దరూ వంకరగా నిలబడతారు కదా అని వాళ్ల స్టిక్కుల్ని కూడా వంకరగా బిగించకండి. ఆడేవాడి కళ్లు స్క్రీన్ మీద ఉంటాయి. స్క్రీన్‌లో పైకి అంటే చేతిలోనూ స్క్రీన్ వైపుకే పైకి ఉండాలి. స్టిక్కు 30 డిగ్రీలు తిప్పి బిగిస్తే బొమ్మ నేరుగా నడవాల్సిన చోట మూలకి పోతుంది. మనిషి వంకరగా నిలబడినా ఫర్వాలేదు, స్టిక్కు మాత్రం తెరకు తిన్నగా ఉండాలి. బటన్ల వరసను ఎటు వంచినా ఇబ్బంది లేదు.

బటన్లు ఎన్ని అన్నది ఆటల్ని బట్టి ఉంటుంది. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కి ఒక్కొక్కరికి ఆరు బటన్లు కావాలి, కానీ అది ఇద్దరి ఆట. నలుగురు ఆడే పాత ఆటలకు రెండు చాలు. 1985 నాటి గాంట్‌లెట్‌కి రెండే, 1989లో కొనామి కంపెనీ తెచ్చిన నింజా తాబేళ్ల ఆటకీ రెండే: ఒకటి కొట్టడానికి, ఒకటి ఎగరడానికి. కాబట్టి మధ్యలో ఇద్దరికి ఆరేసి, చివర ఇద్దరికి నాలుగేసి పెట్టాం. అవి 20. ఆట మొదలుపెట్టడానికి నలుగురికి నాలుగు, కాయిన్ వేసినట్టు నొక్కడానికి నాలుగు. మొత్తం 28. ఆట నుంచి బయటికి రావడానికి మరొకటి. ఆ చివరి దాన్ని మాత్రం ఎవరి చేతికీ తగలని పక్క చెక్కకి పెట్టండి. ఆట మంచి ఊపులో ఉండగా చిన్నవాడు పొరపాటున దాన్ని నొక్కితే మిగతా ముగ్గురూ ఊరుకోరు.

టీవీ సంగతి. మీ టీవీలో ఆట బొమ్మ పెట్టి, చివరి ఆటగాడు నిలబడే చోట నిలబడి చూడండి. కొన్ని పాత ఎల్‌సీడీలు ఎదురుగా బాగుంటాయి, పక్కనుంచి చూస్తే రంగులు వెలిసినట్టు అవుతాయి. ఇద్దరి పెట్టెకి అది పెద్ద సమస్య కాదు, నలుగురి పెట్టెకి పెద్ద సమస్యే. రెండోది, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే అది ఆన్ చేయండి. లేకపోతే టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ కొంత సమయం తినేస్తుంది, బటన్ నొక్కిన కాసేపటికి గాని బొమ్మ ఎగరదు. పాత ఆటల బొమ్మ 4:3 ఆకారంలో ఉంటుంది కాబట్టి 32 అంగుళాల టీవీలో అది 26 అంగుళాల టీవీ అంత కనిపిస్తుంది, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. దాన్ని సాగదీసి నింపకండి. గుండ్రని బంతి కోడిగుడ్డులా అయిపోతుంది.

ఇక గుమ్మం. ఇది మాకు జరిగింది. పెట్టెను వరండాలో కట్టాం. లోతు 24 అంగుళాలే కాబట్టి పక్కకి తిప్పితే ఏ గుమ్మంలోనైనా దూరుతుంది అనుకున్నాం. కానీ 44 అంగుళాల ప్యానెల్‌ని అప్పటికే జిగురు పెట్టి, స్క్రూలు కొట్టి బిగించేశాం. అది ముందుకి ఇంకో 14 అంగుళాలు పొడుచుకు వచ్చింది. ఏ వైపు తిప్పినా హాలు గుమ్మంలో దూరలేదు. రాత్రి తొమ్మిదింటికి, పిల్లలంతా చూస్తూ ఉండగా, మా బావమరిది రంపం పెట్టి ప్యానెల్‌ని కోసి విడదీశాడు. ఆ చెక్క పనికిరాలేదు, 45 తీగలూ విప్పి కొత్త ప్యానెల్‌కి మళ్లీ వేశాం. ఇప్పుడు ప్యానెల్ నాలుగు బోల్టుల మీద కూర్చుంటుంది, వింగ్ నట్లు చేత్తోనే తిప్పి తీసేయవచ్చు. తీగల్ని కంప్యూటర్‌కి కలిపే బోర్డు కూడా ప్యానెల్ అడుగునే ఉంది కాబట్టి, పెట్టెలోకి వెళ్లేది ఒక్క యూఎస్‌బీ వైరే. మీరు మొదటి రోజే అలా చేసుకోండి.

ప్రశ్న: సార్, నేను బీటెక్ మూడో సంవత్సరం. పాత కీబోర్డు విప్పి దాని సర్క్యూట్‌కే బటన్లు కలిపితే ఖర్చు తగ్గుతుందని విన్నాను. నలుగురికి అది పనిచేస్తుందా? రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ మంచిదా, పాత పీసీ మంచిదా?
– ఒక విద్యార్థి, నిజామాబాద్

జవాబు: కీబోర్డు వద్దు బాబూ. కీబోర్డులో ప్రతి మీటకీ విడి తీగ ఉండదు. అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని తీగలుంటాయి, అవి కలిసే చోట మీట ఉంటుంది. గళ్ల కాగితం మీద ఒక దీర్ఘచతురస్రం గీసి చూడు. దాని మూడు మూలల్లో మీటలు ఒకేసారి నొక్కితే, నాలుగో మూలది కూడా నొక్కినట్టే సర్క్యూట్‌కి కనిపిస్తుంది. ఆ గందరగోళం రాకుండా చాలా కీబోర్డులు ఆ మీటను అసలు పట్టించుకోవు. టైపు చేసేవాడికి ఇది తెలియదు. నలుగురు పిల్లలు పన్నెండు వేళ్లతో ఒకేసారి బాదుతుంటే మాత్రం ఎవడో ఒకడి దెబ్బ పోతుంది, "నేను నొక్కాను, నొక్కలేదు" అని గొడవ మొదలవుతుంది.

దీనికోసమే, ఏ బటన్ నొక్కారో కంప్యూటర్‌కి చెప్పే ఎన్‌కోడర్ బోర్డులు దొరుకుతాయి. ప్రతి బటన్‌కీ విడి పిన్ను ఉంటుంది. రెండు దారులున్నాయి. ఆటగాడికి ఒకటి చొప్పున చిన్న యూఎస్‌బీ బోర్డులు నాలుగు కొనడం, లేదా నలుగురికీ కలిపి ఒకే పెద్ద బోర్డు కొనడం. చిన్నవి చవక. కానీ నాలుగూ ఒకేలాంటివి అయితే, కొన్నిసార్లు కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా ఏది ఒకటో ఆటగాడిదో, ఏది మూడోదో తారుమారు అవుతుంది. మొదట్లో మేమూ అవే వాడాం. నిన్న ఎర్ర బటన్లు ఒకటో ఆటగాడివి, ఈరోజు మూడోవాడివి అయ్యేవి. ఏ బోర్డు ఏ యూఎస్‌బీ రంధ్రంలో ఉందో చూసి పేరు కట్టే పద్ధతి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, నువ్వు చదివే చదువుకి అది కష్టం కాదు. నాకు మాత్రం ఆ టెన్షన్ పడలేక డబ్బు కూడగట్టి ఒకే పెద్ద బోర్డుకి మారాను.

తీగల పనే ఇందులో అసలు పని, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. స్టిక్కు అడుగున నాలుగు చిన్న మైక్రోస్విచ్‌లు ఉంటాయి, ఒక్కో దిక్కుకి ఒకటి. నాలుగు స్టిక్కులకి 16, బటన్లు 29, మొత్తం 45 స్విచ్‌లు. ఒక్కో స్విచ్‌కి రెండు కాళ్లు. ఒక కాలు నుంచి బోర్డుకి విడి తీగ వెళ్తుంది. రెండో కాలు అందరికీ ఉమ్మడి, అంటే గ్రౌండ్. పూసల దండలా ఒకదాన్నుంచి ఇంకోదానికి కలుపుకుంటూ పోవాలి. లగ్గులు, అంటే తీగ కొసకి బిగించి స్విచ్ కాలికి తొడిగే చిన్న రేకు క్లిప్పులు, కొనేముందు నీ స్విచ్ కాలి వెడల్పు స్కేలుతో కొలుచుకో. 2.8 మిల్లీమీటర్లవి ఉంటాయి, 4.8వి ఉంటాయి. చిన్న కాలికి పెద్ద లగ్గు పెడితే ఆరోజు పనిచేస్తుంది, ఆటలో అదురుకి వారంలో ఊడుతుంది.

మా పెట్టెలో జరిగిందే చెబుతా. ఒకరోజు పచ్చ బటన్లన్నీ, పసుపు బటన్లలో సగం ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. బోర్డు కాలిపోయిందని భయపడ్డాను. ప్యానెల్ తిరగేసి టార్చి వేసి చూస్తే, ఉమ్మడి తీగ దండలో పసుపు రెండో బటన్ దగ్గర ఒక్క లగ్గు జారి, వెంట్రుకవాసి దూరంలో వేలాడుతోంది. అక్కణ్నుంచి తర్వాతవన్నీ చచ్చిపోయాయి. దాన్ని బిగించి, ఆ దండ రెండో కొసను కూడా తెచ్చి బోర్డుకి కలిపేశాను. ఇప్పుడది గుండ్రంగా మూసుకున్న దండ. ఒకచోట తెగినా రెండో వైపు నుంచి దారి ఉంటుంది. అర మీటరు తీగ ఖర్చు, అంతే. ప్రతి తీగ కొసకీ తెల్ల టేపు చుట్టి "3 - ఎగురు", "2 - ఎడమ" అని రాసింది మా అమ్మాయి. ఆరోజు ఆ రాతలే లేకపోతే తెల్లవారేది.

ఇక రాస్‌ప్‌బెర్రీ పై, పాత పీసీల సంగతి. 2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4 పాత ఆటలకి చాలు, చోటు తక్కువ తింటుంది. నేను ఆఫీసులో తీసేసిన పాత డెస్క్‌టాప్‌నే ఎంచుకున్నాను. డబ్బులిచ్చి కొన్న కొత్త ఆటలు కూడా అందులో నడుస్తాయి. పాత ఆర్కేడ్ మెషీన్లను కంప్యూటర్‌లో నడిపే మేమ్ అనే ప్రోగ్రామ్‌ని ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టాడు. 2016 నుంచి అది పూర్తిగా ఓపెన్ సోర్స్. దాని కోడ్ తెరిచి ఒక్క బోర్డు గురించి రాసిన భాగమైనా చదువు. నేను టంకం పెట్టి బాగుచేసిన ఆ బోర్డుల లోపలి గుట్టంతా ఎవరో ఎంత ఓపికగా రాసిపెట్టారో చూస్తే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ప్రశ్న: అన్నగారూ, మాది సముద్రం గాలి తగిలే ఇల్లు. మా కార్పెంటర్ ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే బోర్డు)తో చేస్తే నున్నగా వస్తుంది, ఖర్చు తక్కువ అంటున్నాడు. ప్లైవుడ్డే కావాలా? ఎంత మందం?
– ఒక గృహిణి, కాకినాడ

జవాబు: చెల్లెమ్మా, మీ ఊళ్లో ఎండీఎఫ్ వద్దు. కోసిన అంచుల నుంచి తేమ పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బాక స్క్రూ పట్టదు. కింద తడిగుడ్డ పెట్టి తుడిచే ఇళ్లలో అడుగు చెక్క ముందు పోతుంది. ప్లైవుడ్ తీసుకోండి, 18 మిల్లీమీటర్లది. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటే అది మెరైన్ రకం, ఐఎస్ 303 అంటే మామూలు రకం. ఒళ్లంతా మెరైన్ పెట్టనక్కర్లేదు. అడుగు చెక్క, రెండు పక్క చెక్కలు మెరైన్ అయితే మీ గాలికి తట్టుకుంటుంది. 8 అడుగులకు 4 అడుగుల షీట్లు రెండు మాకు సరిపోయాయి, పిల్లల పీటకి కూడా ముక్క మిగిలింది. అడుగున నాలుగు రబ్బరు బుష్‌లు వేయించండి, తడి నేలకి చెక్క ఆనదు.

ప్యానెల్ చెక్క విషయంలో కార్పెంటర్ పక్కన మీరు నిలబడండి. బటన్లు రెండు రకాలు. రంధ్రంలో పెట్టి నొక్కితే టక్కున కూర్చునేవి పలచటి రేకుకో ప్లాస్టిక్‌కో చేసినవి, 18 మిల్లీమీటర్ల చెక్కలో వాటి రెక్కలు పట్టుకోవు. కింద నుంచి నట్టు బిగించేవి అడగండి. అప్పుడు కూడా మర పొడుగు చెక్క మందానికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. స్టిక్కుదీ ఇదే గొడవ. కింద నుంచి బిగిస్తే మందం చెక్కలోంచి కడ్డీ పైకి చాలినంత రాదు, పిల్లలు దాన్ని గోళ్లతో పట్టుకోవాల్సి వస్తుంది. స్టిక్కు కూర్చునే చోట చెక్కను అడుగు నుంచి రౌటర్ అనే తొలిచే మెషీన్‌తో తొలిచి, పైన ఆరేడు మిల్లీమీటర్లే ఉంచమనండి. మా కార్పెంటర్ ఆ తొలిచిన చోట అడుగున చిన్న ఇనుప పట్టీ వేసి బలం ఇచ్చాడు. ఆ ఆలోచన ఆయనదే, చాలా మంచి ఆలోచన.

రంధ్రాలు హోల్ సాతో, అంటే డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపంతో వేస్తారు. పై నుంచి ఒక్క ఊపున కిందికి దించేస్తే అడుగు పొర పెచ్చులు లేస్తుంది. ముందు సన్న బిట్టుతో ఆర్పార్ రంధ్రం చేసి, పై నుంచి సగం కోసి, చెక్క తిరగేసి మిగతా సగం కోయాలి. ఇరవై తొమ్మిదింటికీ అలాగే. ఓపికగా చేస్తే పూటలో అయిపోయే పని. సన్‌మైకా అంటించేది ఉంటే అంటించాకే రంధ్రాలు వేయించండి. అంచులకు బీడింగ్ తప్పకుండా వేయించండి. నిలబడి ఆడేవాళ్ల మణికట్లు గంటల తరబడి ఆ అంచు మీదే ఉంటాయి.

ఇంకొకటి. పిల్లలు ప్యానెల్ మీదికి వాలతారు, వేలాడతారు. లోతు 24 అంగుళాలకు తగ్గనివ్వకండి, బరువంతా కింద ఉండేలా చూడండి. మేము అడుగున ఒక పాత ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టె నిండా ఇసుక మూటలు పెట్టాం. చక్రాలు వేస్తే వెనక రెండే వేయించండి, జరిపేటప్పుడు మాత్రమే నేలకి తగిలేలా.

ప్రశ్న: మా దగ్గర ఎండలు ఎక్కువ, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పెట్టెలో కంప్యూటర్ పెట్టి మూసేస్తే వేడికి పాడవదా? పిల్లలు ముట్టుకునేది కదా, షాక్ భయం లేదా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: రెండూ న్యాయమైన భయాలే. షాక్ మాట ముందు. నేను పనిచేసిన షాపులో కాయిన్ వేసే ఇనుప తలుపుకి ఎర్త్ వైరు ఉండేది కాదు. వర్షాకాలంలో చెప్పులు లేకుండా వచ్చిన పిల్లలకి వేలు జుమ్మనేది. మా ఓనరుకి చెప్పాను, పట్టించుకోలేదు. ఒకరోజు ఒక పిల్లాడు చెయ్యి విదిలించుకుని ఏడవడం చూశాక, ఆ రాత్రే నా డబ్బుతో వైరు కొని అన్ని తలుపులకీ ఎర్త్ కలిపాను. ఆ పిల్లాడి ముఖం నాకిప్పటికీ గుర్తుంది. అందుకే ఇది బతిమాలి చెబుతున్నాను: మూడు పిన్నుల ప్లగ్గే వాడండి, ఇంట్లో ఎర్తింగ్ నిజంగా పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, పెట్టెలో ఇనుము ఎక్కడున్నా ఎర్త్‌కి కలపండి. బటన్లలో ఉండేది 5 వోల్టులే, దానికి భయం లేదు. 230 వోల్టుల తీగలు మాత్రం పెట్టె వెనక అడుగున, మూత ఉన్న డబ్బాలో ఉండాలి, ప్యానెల్ వైపు రాకూడదు. పాత గాజు ట్యూబు టీవీ వాడదామనుకునే వాళ్లకి ఒక మాట. ప్లగ్ పీకేసినా ఆ ట్యూబులో వేల వోల్టులు మిగిలి ఉండవచ్చు. అనుభవం ఉన్నవాళ్లు తప్ప దాన్ని విప్పకూడదు.

వేడికి: వెనక చెక్కలో కింద ఒక వరస, పైన ఒక వరస రంధ్రాలు వేసి, పైన చిన్న ఫ్యాను గాలి బయటికి తోసేలా పెట్టండి. గోడకి నాలుగంగుళాలు వదిలి నిలబెట్టండి. రాస్‌ప్‌బెర్రీ పై అయితే 80 డిగ్రీలు దాటగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆట నత్తనడక నడుస్తుంది. కరెంటు ఠక్కున పోతే రాస్‌ప్‌బెర్రీ పైలో మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. చిన్న యూపీఎస్ పెట్టుకోండి, అన్నీ సెట్ చేశాక కార్డుకి ఒక నకలు తీసి బీరువాలో దాచండి.

ప్రశ్న: ఆటలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? వేలకు వేలు ఆటలు నింపిన కార్డులు అమ్ముతున్నారు, కొనవచ్చా?
– ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: కొనవద్దంటాను. ఆ ఆటలకి యజమానులున్నారు, ఆ కార్డులమ్మేవాళ్లు వాళ్లకి పైసా ఇవ్వరు. పైగా పదివేల ఆటలుంటే పిల్లలు జాబితా తిప్పుతూనే గంట గడిపేస్తారు. మా పెట్టెలో ఉన్నవి 22. నింజా తాబేళ్ల పాత ఆటలన్నీ కలిపి 2022లో కొనామి ఒక సంపుటి తెచ్చింది, ఆర్కేడ్‌లో నలుగురు ఆడినవి అందులో ఉన్నాయి. క్యాప్‌కామ్ కంపెనీ తన పాత కొట్లాట ఆటల్ని 2018లో కట్టగా ఇచ్చింది, నలుగురు ఆడే కెప్టెన్ కమాండో అందులోదే. సూపర్‌టక్స్‌కార్ట్ అనే కార్ల పందెం ఉచితం, తెరను నాలుగు ముక్కలుగా పంచుకుని ఆడుకోవచ్చు. మా ఇంట్లో ఎక్కువ అరుపులు దానికే. మేమ్ వాళ్ల సైట్‌లో కూడా యజమానులే అనుమతిచ్చిన కొన్ని పాత ఆటలు ఉచితంగా ఉన్నాయి.

చాలామంది ముస్తఫా గురించి అడిగారు. మన ఊళ్లలో ఆ పేరుతో పిలిచిన ఆట 1993లో క్యాప్‌కామ్ చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అందులో ఒక పాత్ర పేరు ముస్తఫా, అందరూ వాడినే ఎంచుకోవాలని కొట్టుకునేవారు. అది ముగ్గురి ఆట. 1985లో జపాన్‌లో కుదిరిన జమ్మా పద్ధతిలో బోర్డుకీ పెట్టెకీ మధ్య 56 కాళ్ల కనెక్టర్ ఒకటి ఉండేది, బోర్డు మారిస్తే ఆట మారిపోయేది. కానీ అందులో ఇద్దరి బటన్లకే చోటు. మూడోవాడికి విడిగా ఇంకో తీగల కట్ట వేయాల్సి వచ్చేది. మా షాపులో ఆ మూడో స్టిక్కు నేనే కోసి బిగించాను. అప్పటిదాకా వెనక నిలబడి చూసే మూడో పిల్లాడు ముందుకి వచ్చి స్టిక్కు పట్టుకోవడం చూశాను, ఇంట్లో నలుగురి పెట్టె కట్టాలన్న కోరిక నాలో మొదలైంది అక్కడే.

ప్రశ్న: అంకుల్, నాకు తొమ్మిదేళ్లు. నాన్న చేస్తున్న పెట్టె నాకు అందదేమో అని భయంగా ఉంది. చిన్నగా చేయమని చెప్పండి.
– ఒక చిన్నారి, విజయనగరం

జవాబు: అమ్మలూ, పెట్టె చిన్నగా చేస్తే నాన్న నడుం వంచి ఆడాలి, పావుగంటకే నొప్పి అంటాడు. మా ప్యానెల్ నేల నుంచి 38 అంగుళాల ఎత్తులో ఉంది. మా మేనకోడలు మొదట్లో మునివేళ్ల మీద నిలబడి ఆడేది. అందుకని మిగిలిన ప్లైవుడ్‌తో ఆరంగుళాల ఎత్తు పీట చేశాం. ఇద్దరు నిలబడేంత పొడుగు, ఆడుతూ అడుగు వెనక్కి వేసినా పడిపోకుండా మంచి వెడల్పు. పైన జారకుండా గరుకు కాగితం అంటించాం. పెద్దవాళ్లు ఆడేటప్పుడు అది పెట్టె కిందికి దూరిపోతుంది, నీలాంటివాళ్లు వచ్చినప్పుడు కాలితో బయటికి లాగడమే. నాన్నకి ఈ పేజీ చూపించి, పెట్టె అడుగున ఏడంగుళాలు ఖాళీ వదలమని చెప్పు. పీటకి ఏ రంగు వేయాలో మాత్రం నువ్వే చెప్పాలి.